ఆరోగ్యము: మూత్రపిండము మార్చుకొన్నవారి దేహభారమును, గుండె క్షేమమును



గోదావరి తీరమునందలి ఒక గ్రామమునుండి మా పాఠకురాలొకరు వ్రాసిన జాబు మా యెదుట నున్నది. ఆమె భర్తగారికి మూత్రపిండములు రెండును చెడి, ఏడాదిన్నర కాలము వారమునకు మూడుమారులు డయాలిసిస్ అను రక్తశుద్ధి జరిగినది. రెండేండ్ల క్రిందట ఆమెయే తన మూత్రపిండమొకటి యిచ్చి ఆయనను బ్రదికించుకొన్నది. ఇంతవఱకు శుభవార్తయే. జాబులోని తక్కిన భాగమిట్లున్నది:

"శస్త్రచికిత్స నాటికి మావారు 56 కిలోల బరువుండిరి. ఇప్పుడు 71 కిలోలు. చూచినవారందఱు ముఖమున కళ వచ్చినదని సంతోషించిరి. నేనును సంతోషించితిని. పోయిన నెల వైద్యులు త్రాసు చూచి మందలించినారు. రక్తపోటు హెచ్చినదనియు, రక్తములో చక్కెర కనబడుచున్నదనియు, ఇట్లే సాగిన గుండెకు ముప్పనియు చెప్పినారు. ఇంటికి వచ్చి అన్నము తగ్గించి వడ్డించితిని. మా అత్తగారు కంచము చూచి కన్నీరు పెట్టుకొని, 'ఇన్నాళ్లు నోరు కట్టుకొని బ్రదికినాడు, ఇప్పుడైనను నా బిడ్డను కడుపునిండ తిననీయవా?' అని నిష్ఠూరమాడినారు. లావగుట మాత్రలవలననే యని పొరుగువారందురు. ఆ మాత్ర మానిపించిన చాలదా? లేక అన్నమే మానిపింపవలెనా? ఎవరి మాట వినవలెనో తెలియకున్నది."

ఈ ప్రశ్న ఒక్క యింటిది కాదు. మూత్రపిండము మార్పిడి జరిగిన గృహములలో పెక్కింట ఈ కన్నీరు, ఈ నిష్ఠూరము ఉన్నవే. కావున ఈ మాసమున ఈ విషయమునే ముచ్చటింప దలచితిమి. ముందుగా ఆ సోదరికి మా సమాధానము క్లుప్తముగా చెప్పుదుము: మాత్ర మానిపింపరాదు, అన్నము మానిపింప నక్కఱలేదు, మార్పవలసినది కంచములోని పాళ్లును, ఇంటి యలవాట్లును. ఇక దీని కారణములు వివరింతుము.

మాత్ర యెందుకు మానరాదో తెలియవలెనన్న కొంచెము వెనుకటి కథ చెప్పవలసియున్నది. మనుష్యునకు మూత్రపిండము మార్చి జయము పొందుట మొదట 1954వ సంవత్సరము డిసెంబరు 23వ తేదీన అమెరికాలోని బోస్టన్ నగరమున జరిగినది. జోసెఫ్ మర్రే అను శస్త్రవైద్యుడు ఒక కవలసోదరుని మూత్రపిండమును రెండవ సోదరున కమర్చెను. ఇందులకే ఆయనకు 1990లో నోబెల్ బహుమాన మీయబడినది. ఆ సోదరులు అచ్చముగా ఒకే పోలిక గల కవలలు గనుక ఒకరి యవయవమును మఱొకరి దేహము పరాయిదని యెంచలేదు. అట్టి కవలలు గాని తక్కినవారి కందఱకును, తల్లి యిచ్చినను, భార్య యిచ్చినను, దేహము ఆ యవయవమును పరాయిదిగానే తలంచి త్రోసివేయ జూచును. ఆ ప్రతిఘటనను అణచియుంచుటకే దినదినమును మాత్రలు మ్రింగవలసివచ్చినది. మన దేశమున 1971లో వెల్లూరు క్రిస్టియన్ వైద్యకళాశాల యాసుపత్రిలో ఈ చికిత్స జయప్రదమైనది. నాడు, నేడు, ఎప్పుడైనను ఆ మాత్రలే మార్చిన మూత్రపిండమునకు కావలివాండ్రు. కావలివానిని పంపివేసి తలుపులు తెఱచి నిద్రించువారుందురా? లావగుచున్నామనియో, ముఖము ఉబ్బినదనియో తమంతట తామే మాత్రలు మానుకొని, వచ్చిన మూత్రపిండమును పోగొట్టుకొన్నవారు కలరు.

అట్లని పొరుగువారి మాట బొత్తిగా అబద్ధమని మేమనము. అందులో కొంత నిజము కలదు. ప్రెడ్నిసొలోన్ మొదలగు స్టెరాయిడు మాత్రలు ఆకలిని మిక్కిలి హెచ్చించును. క్రొవ్వును ముఖమునందును, మెడవెనుకను, పొట్టయందును చేర్చును. కాలుసేతుల కండను మాత్రము సడలించును. కాబట్టి ఆ ముఖము నిండుగా గుండ్రముగా కనబడినపుడు అది సంపూర్ణారోగ్య చిహ్నమని మురిసిపోరాదు. టాక్రోలిమస్, సైక్లోస్పోరిన్ అను మందులు రక్తపోటును పెంచగలవు. టాక్రోలిమస్సును స్టెరాయిడును కలిసి, మునుపు లేనివారికి గూడ మధుమేహము తేగలవు. సైక్లోస్పోరిన్, స్టెరాయిడు రక్తములోని క్రొవ్వును హెచ్చించును. వైద్యులీ సంగతులన్నియు ఎఱిగియే, కాలము గడచినకొలది మోతాదు తగ్గించుచుందురు. మాత్రవలన ఇబ్బంది కలిగినచో ఆ మాట వైద్యునితో చెప్పవలెను. మోతాదు మార్చుట ఆయన పని. తెచ్చిన మాత్రను వేళకు వేయుట మన పని.

కాని బరువు పెరుగుటకు మాత్రలొక్కటియే కారణము కాదు. మూత్రపిండములు చెడియున్న దినములలో రక్తమునందు మలినములు నిలిచి నోరు చేదగును, ఆకలి చచ్చును, వికారము పుట్టును. పైగా పండు తినరాదు, కొబ్బరినీరు త్రాగరాదు, కూరలను ఉడికించి నీరు వార్చవలెను, దాహమైనను నీరు కొలిచి త్రాగవలెను. క్రొత్త మూత్రపిండము పనిచేయ నారంభింపగానే నోటికి రుచి తిరిగివచ్చును. ఏండ్ల తరబడి కట్టుకొన్న నోరు ఒక్కసారి విప్పబడును. ఇంటిల్లిపాదియు కోరినవెల్ల వండి పెట్టుదురు. కుట్లకేమగునో యను భయముచే రోగిని కదలనీయరు. ఆకలి పెరిగి, తిండి పెరిగి, నడక తగ్గినపుడు బరువు పెరుగుటలో వింతయేమున్నది? మొదటి సంవత్సరములో 5 మొదలు 10 కిలోల వఱకు పెరుగుట తఱచుగా చూచుచున్నదే. వ్యాధిచే చిక్కిపోయినవారికి కొంత బరువు తిరిగివచ్చుట మేలే. మేరమీరుటయే కీడు.

ఆ మేర యెక్కడ నని అడుగుదురేమో. తూకమును కిలోలలో తీసికొని, ఎత్తును మీటర్లలో కొలిచి, ఆ యెత్తుచే రెండుమారులు భాగింపవలెను. వచ్చిన లెక్క మన దేశీయులకు 23 దాటిన అధికభారమనియు, 25 దాటిన స్థూలకాయమనియు వైద్యులు నిర్ణయించినారు. మన సోదరి భర్తగారి యెత్తు అయిదడుగుల అయిదంగుళములట; అనగా 1.65 మీటర్లు. ఆ యెత్తువానికి 62 కిలోల వఱకు తగిన బరువు. 68 దాటిన స్థూలకాయము. ఆయన 71 కిలోలుండుటచే లెక్క 26 వచ్చుచున్నది. వైద్యులు మందలించుట న్యాయమే కదా! పొట్టను గూడ దర్జీవాని టేపుతో కొలువవలెను. పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటరాదు. క్రొవ్వు తొడలయందుకంటె పొట్టయందు చేరుటయే గుండె కెక్కువ హాని.

ఇక గుండె మాట. మూత్రపిండము మార్చినంతనే పాతకష్టములన్నియు తుడిచిపెట్టుకొని పోవునని పలువురు తలంచుచున్నారు. డయాలిసిస్‌పై నుండుటకంటె మార్పిడి జరిగినవారికి గుండె ముప్పు తక్కువ, ఇది సత్యము. ఐనను అదే యీడు ఆరోగ్యవంతులతో పోల్చినచో ఎక్కువ. మూత్రపిండములు చెడియున్న ఏండ్లలో హెచ్చు రక్తపోటును మోసి మోసి గుండెకండ దళసరియై యుండును; రక్తనాళములలో సున్నము పేరుకొని యుండును. అట్టి యలసిన గుండెపై మరల బరువును, రక్తపోటును, చక్కెరను మోపినచో అది యెంతకాలము ఓర్చును? మార్చిన మూత్రపిండము చక్కగా పనిచేయుచుండగనే మరణించినవారి విషయమున ముఖ్య కారణములలో హృద్రోగ మొకటి. ఎంతో త్యాగముచే నిలిచిన ప్రాణము ఇట్లు పోవుట మిక్కిలి విచారకరము. ఇందులో పెక్కుభాగము తప్పింపదగినదే యని తెలిసినపుడు ఆ విచారము రెట్టింపగును.

తప్పించు నుపాయములు మన వంటయింటనే యున్నవి. మొదటిది ఉప్పు. దినమునకు మనిషికి 5 గ్రాములు, అనగా ఒక చిన్న చెంచాడు, మించరాదని ప్రపంచారోగ్యసంస్థ చెప్పుచున్నది. ఈ చెంచాడులో కూర, పప్పు, పులుసు, మజ్జిగ అన్నియు ఇమిడిపోవలెను. మరి మన ఆవకాయ, మాగాయ, అప్పడములు, వడియములు, ఊరమిరపకాయలు ఎక్కడ ఇముడును? వానిని పండుగనాటి రుచిగా నుంచుకొనుట మంచిది. ఉప్పు తగ్గిన లోటును నిమ్మరసము, చింతపండు, మిరియము, జీలకఱ్ఱ, కొత్తిమీర, వెల్లుల్లి తీర్చును. అంగడిలో దొరకు తక్కువ సోడియము ఉప్పు మాత్రము వైద్యుని అడుగక కొనరాదు. అందులో పొటాసియము కలిపియుందురు. టాక్రోలిమస్ వాడువారికి అసలే పొటాసియము హెచ్చు భయము కలదు.

రెండవది కంచము. కంచములో సగము కూరలు, ఆకుకూరలు. పావు భాగము పప్పుగాని, గ్రుడ్డుగాని, చేపగాని. తక్కిన పావు భాగము అన్నమో, జొన్నరొట్టెయో, రాగిసంకటియో. మన యిండ్లలో అన్నమే కంచమంతయు నాక్రమించి, కూర యొక మూలను ఒదిగియుండును. ఆ వరుసను తలక్రిందులు చేయుడు. ఆకలి తీఱును, బరువు నిలుచును. నెయ్యి మాన నక్కఱలేదు, ఒక చిన్న చెంచాతో కొలుచుకొనిన చాలును. బజ్జీలు, పూరీలు, ఒకమారు కాగిన నూనెలో మరల వేచినవి, కాఫీలో మూడు చెంచాల పంచదార, భోజనానంతరము మిఠాయి, ఇవి మానదగినవి. నడిమి ఆకలికి మజ్జిగ, జామకాయ, దోసకాయముక్కలు పెట్టుడు. ఏ పండు ఎంత తినవచ్చునో రక్తపరీక్షలోని పొటాసియమును బట్టి వైద్యులు చెప్పుదురు. ఒక్క పండును మాత్రము గుర్తుంచుకొనవలెను. మన కోస్తా పెరళ్లలో కాచు పంపరపనసయు, దాని వంశమునకే చెందిన గ్రేప్‌ఫ్రూట్ అను సీమపండును టాక్రోలిమస్, సైక్లోస్పోరిన్ మందులు రక్తములో మితిమీరునట్లు చేయగలవు. కావున వానిని ముట్టరాదు. బరువు తగ్గించునని అమ్మెడి చూర్ణములు, కషాయములు, ప్రకటనలలో కనబడు మందులు అట్లే విడువదగినవి. స్థూలకాయమునకు ఇటీవల వచ్చిన సూదిమందులను గూడ మార్పిడి వైద్యుల యనుమతి లేనిదే వాడరాదు.

ఉపవాసములను గూర్చి యొక మాట. బరువు తగ్గుటకై రెండుపూటలు మాడ్చుట గాని, నీరు మానుట గాని పనికిరాదు. నీరు చాలనిచో మూత్రపిండమునకు చెఱుపు. ఏకాదశి నాడైనను మాత్రలు వేళతప్పరాదు. వ్రతము పాటింపదలచువారు వైద్యుని ముందుగా అడుగవలెను. వారమునకు అరకిలో చొప్పున మెల్లగా తగ్గుటయే క్షేమము. 71 కిలోలవారు మూడు నాలుగు కిలోలు తగ్గినను రక్తపోటునందును, చక్కెరయందును మేలు కనబడును.

మూడవది నడక. శస్త్రచికిత్స పిమ్మట ఆరు మొదలు ఎనిమిది వారముల వఱకు బరువులెత్తరాదను మాట నిజము. నడవరాదను మాట ఎవరును చెప్పలేదు. కుట్లు మానినవారు దినమునకు అరగంట చొప్పున, వారమునకు అయిదుదినములైనను వడిగా నడువవలెను. ఒంటరిగా నడచుటకు బద్ధకించువారికి తోడుండిన చాలును. చుట్ట, బీడి, సిగరెట్టు, జర్దా వీనిలో ఏది యున్నను నేడే విడిపింపుడు. గుండెకు ఇంతకు మించిన శత్రువు లేదు.

నాలుగవది లెక్క. ఒక నోటుపుస్తకము పెట్టుడు. ఉదయము మూత్రవిసర్జన పిమ్మట, ఏమియు తినకమునుపు, ఒకే త్రాసుపై తూగి వ్రాయుడు. నెల పొడవునను మెల్లగా పెరుగునది క్రొవ్వు. ఒకటి రెండు దినములలోనే ఒకటి రెండు కిలోలు పెరిగి, పాదములు ఉబ్బినచో అది క్రొవ్వు కాదు, నీరు; మూత్రపిండమో, గుండెయో కష్టపడుచున్నదని గుర్తు. అపుడు మఱునాటి కాగక ఆసుపత్రికి తెలుపవలెను. రక్తపోటు 130/80 లోపల నుండవలెనని నేటి వైద్యనిబంధన. స్టెరాయిడును ఉదయము వేసికొనువారికి చక్కెర పరగడుపున సరిగానే యుండి, మధ్యాహ్నము, సాయంకాలము హెచ్చుట కలదు. కావున ఉదయపు పరీక్షయొక్కటి చూచి నిశ్చింతగా నుండరాదు. భోజనము పిమ్మట పరీక్ష గూడ చేయింపవలెను.

వైద్యులు కొలెస్టరాలు తగ్గించు మాత్ర వ్రాసినచో, మాత్రల సంఖ్య పెరిగినదని విసుగుకొనకుడు. ఐరోపా, కెనడా దేశములలో మూత్రపిండము మార్చుకొన్న 2102 మందిపై చేసిన యొక పరిశోధన 2003లో ప్రకటింపబడినది. ఫ్లూవాస్టాటిన్ అను మాత్ర వాడినవారిలో గుండెపోటులును, గుండెజబ్బు మరణములును తగ్గినట్లు అందు తేలినది. ఐనను ఈ జాతి మాత్రలు కొన్ని సైక్లోస్పోరిన్‌తో పొసగవు. ఇరుగుపొరుగువారు వాడుచున్నారని అవే తెచ్చి వేయరాదు. నొప్పిమాత్రలును అట్లే, చాలభాగము మూత్రపిండమునకు పడవు. ఛాతీనొప్పి యెటులను భయపెట్టును. మధుమేహము గలవారికిని, స్త్రీలకును నొప్పి లేకయే ఆయాసము, చెమట, దవడలాగు, అకారణమైన అలసట గుండెపోటు గుర్తులుగా రావచ్చును. వానిని గాలి పట్టినదని ఇంట నుంచుకొనరాదు.

ఇక అత్తగారి కన్నీటి మాట. సోదరీ, ఆమెతో వాదింపకుము. ఆమె తన బిడ్డ యెముకలగూడై యుండుట కన్నులార చూచిన తల్లి. ఆ కంటికి నిండుముఖమే ప్రాణముగా కనబడును. తరువాతిమారు పరీక్షకు పోవునపుడు ఆమెను గూడ వెంటబెట్టుకొని పొమ్ము. వైద్యుని నోట ఆమెయే వినునుగాక. పిమ్మట ఆమె చేతికే పని యప్పగింపుము. ఉప్పు తక్కువైనను రుచి పోని కూరలు వండుట పాతచేతులకు తెలిసినంతగా మనకు తెలియదు. పెట్టవద్దని చెప్పిన తల్లి బాధపడును. ఏది పెట్టవలెనో చెప్పిన ఆమె సంతోషించును. ఒక్క మనిషికి వేఱుగా పత్యము వండకుము. ఇంటిల్లిపాదికి అదే వంటయైనచో ఆయనకు వెలివేసినట్లుండదు. తక్కినవారి గుండెలకును మేలే.

చివరకు జాబులో నీవు వ్రాయని మాటయొకటి మేమడుగుచున్నాము. నీ తూకమెంత? నీ రక్తపోటు ఎప్పుడు చూపించుకొంటివి? మన దేశమున బ్రదికియుండగా మూత్రపిండము దానము చేయువారిలో ఎక్కువమంది స్త్రీలే, తల్లులు, భార్యలు. ఆరోగ్యవంతులకు ఒక మూత్రపిండము చాలును. మిగిలినది రెండవదాని పనిని గూడ చాలవఱకు తలకెత్తుకొనును. కాని దానిని కాపాడుకొనవలసిన భారము ఇచ్చినవారిదే. దాతలు గూడ లావగుట, రక్తపోటు, మధుమేహము తెచ్చుకొనుట ఆ యొంటరి మూత్రపిండమునకు మంచిది కాదు. ఏడాదికొకమారు రక్తపోటు, మూత్రములో ప్రోటీను, రక్తములో క్రియాటినిన్ చూపించుకొనవలెను. నీ భర్తగారి పరీక్షల తేదీలు నీకు కంఠస్థముగా నుండును. నీవి యెవరికి జ్ఞాపకము? ఆ నోటుపుస్తకములో రెండవ పుటను నీ పేర తెఱువుము. సాయంకాలము ఆయనకు నడకతోడు నీవే కమ్ము.

నీవిచ్చిన మూత్రపిండము ఆయన దేహమున నున్నది. దానిని మోయు గుండె ఆయనది. ఆ రెంటికిని దినమునకు రెండుపూటలు అన్నము పెట్టు చేయి నీది. ఇచ్చినదానిని వంటయింట పోగొట్టుకొనరాదనియే మా మనవి. మూడు నెలల పిమ్మట ఇద్దరి తూకములను, రక్తపోటులను వ్రాసి మాకు జాబు పంపుము. అత్తగారు క్రొత్తగా నేర్చిన కూరను గూడ వ్రాసిన, తక్కిన సోదరీమణులకు అందింతుము.